ఇసుకతో సేతువు: చేవెళ్ల, మొయినాబాదు కళాశాలల్లో కృత్రిమ మేధ

మహాభారతం ఆరణ్యపర్వంలో లోమశ మహర్షి ధర్మరాజుకు యవక్రీతోపాఖ్యానాన్ని వినిపించాడు. భరద్వాజ పుత్రుడైన యవక్రీతుడు, పొరుగు ఆశ్రమంలోని రైభ్యునికీ అతని కుమారులకూ విద్వాంసులుగా లభిస్తున్న గౌరవాన్ని చూచి ఓర్వలేకపోయాడు. గురుశుశ్రూష లేకుండా, అధ్యయన క్లేశం లేకుండా వేదాలన్నీ తనకు స్ఫురించాలని సంకల్పించి ఘోరతపస్సు ఆరంభించాడు. ఇది మార్గం కాదు, గురుముఖతః నేర్చుకొమ్మని ఇంద్రుడు నచ్చజెప్పినా వినలేదు. చివరకు ఇంద్రుడు జీర్ణించిన వృద్ధ బ్రాహ్మణుని వేషంలో గంగాతీరానికి వచ్చి, పిడికెడు పిడికెడుగా ఇసుకను ప్రవాహంలో వేయడం మొదలుపెట్టాడు. ఏమిటిదని యవక్రీతుడు నవ్వితే, గంగకు సేతువు కడుతున్నానన్నాడు. నీ ప్రయత్నం ఎటువంటిదో నాదీ అటువంటిదేనన్నాడు.

మన పౌరాణికులు సాధారణంగా కథను ఇక్కడ ఆపుతారు. అసలు విషయం ఆ తరువాత ఉన్నది. యవక్రీతుడు పట్టు విడువలేదు, ఇంద్రుడు వరం ఇచ్చాడు. అప్రయత్నంగా వేదాలు అతనికి వచ్చాయి. అవి కృత్రిమ వేదాలు కావు, నిజమైన వేదాలే, అక్షరలోపం లేనివే. అయినా ఆ విద్య అతనికి దర్పాన్ని మాత్రమే ఇచ్చింది. రైభ్యుని కోడలి పట్ల అపరాధం చేసి, రైభ్యుడు సృష్టించిన రాక్షసుని చేతిలో హతుడయ్యాడు. రైభ్యపుత్రుడైన అర్వావసువు పొందిన వరం వలన పునర్జీవితుడైన పిమ్మట దేవతలను అడిగాడు: నేనూ వేదవేత్తనే కదా, రైభ్యుడు నన్ను ఎలా జయించగలిగాడు? నీవు గురువు లేకుండా సుఖంగా వేదాలను పొందావు, అతడు గురువులను సంతోషపెట్టి, చిరకాలం కష్టపడి పొందాడు అని వారి సమాధానం. రెండు చోట్లా ఉన్న వేదం ఒకటే. భేదం వేదంలో లేదు, అది నిలిచిన పాత్రలో ఉన్నది.

2022 నవంబరు 30న చాట్‌జీపీటీ లోకానికి విడుదలైన నాటి నుండి ఈ ఉపాఖ్యానం నాకు పురాణంగా తోచడం లేదు. ఇంద్రుని వరం ఇప్పుడు ఎవరికైనా, ఏ తపస్సూ లేకుండా, చేతిలోని ఫోనులో లభిస్తున్నది. అందులోనూ ఉచితంగా. 2025 జూలైలో గూగుల్ సంస్థ భారతీయ విద్యార్థులకు తన జెమినై ఉన్నత శ్రేణి సేవను ఒక సంవత్సరం ఉచితంగా ఇస్తానని ప్రకటించింది. అదే మాసంలో ఎయిర్‌టెల్ తన ఖాతాదారులందరికీ పర్‌ప్లెక్సిటీ సేవను సంవత్సరం పాటు ఇచ్చింది. నవంబరు 4 నుండి ఓపెన్‌ఏఐ తన చాట్‌జీపీటీ గో సేవను ఈ దేశంలో ఏడాది ఉచితం చేసింది. వ్యాపారి ఏడాది పాటు ఉచితంగా పంచిపెట్టేది వస్తువు కాదు, అలవాటు. ఆ అలవాటు ఎవరిలో కుదురుకుంటుందో వారే రెండవ సంవత్సరం నుండి మూల్యం చెల్లిస్తారు.

హైదరాబాదు నుండి బీజాపూరు వెళ్లే రహదారిని ఎరిగినవారికి మొయినాబాదు, చేవెళ్ల ప్రాంతాలను వర్ణించనక్కరలేదు. ఒకవైపు ఉస్మాన్‌సాగర్, మరొకవైపు హిమాయత్‌సాగర్. వాటి పరీవాహక ప్రాంత రక్షణకై 1996లో జారీ అయిన 111 జీవో పరిధిలో 84 గ్రామాలు. పూలతోటలు, కూరగాయల మడులు, వాటి మధ్య ఇంజనీరింగ్, ఫార్మసీ, మేనేజిమెంటు, వైద్య కళాశాలలు. ఉదయం వేళ ఆ దారిలో కూరగాయల బండ్లు నగరం వైపు, కళాశాలల బస్సులు నగరం నుండి ఎదురెదురుగా నడుస్తాయి. ఆ బస్సులలో కూర్చున్న పిల్లలలో ఎందరో తమ వంశంలో మొదటిసారి పట్టభద్రులు కాబోతున్నవారు. పొలం అమ్మిన తండ్రి, బ్యాంకు రుణానికి సంతకం చేసిన తల్లి ఆ పుస్తకాల సంచి వెనుక ఉన్నారు. వారిని ఉద్దేశించియే ఈ వ్యాసం.

ముందుగా ఒక భ్రాంతిని తొలగించాలి. ఈ కళాశాలలు అనేకం కంప్యూటర్ సైన్సులో కృత్రిమ మేధ, మెషిన్ లెర్నింగ్ అనే శాఖలను నడుపుతున్నాయి. ఆ శాస్త్రాన్ని అభ్యసించడంపై నాకు ఏ ఆక్షేపమూ లేదు. అది అపరావిద్యలలో ఒకటి. సంభావ్యతా గణితం, రేఖీయ బీజగణితం, క్రమవిధి రచన, ఇవన్నీ కఠోర పరిశ్రమను కోరే విద్యలు. ఆ యంత్రాన్ని గూర్చి అభ్యసించడం వేరు, అభ్యాసాన్నే ఆ యంత్రానికి అప్పగించడం వేరు. విచిత్రం ఏమనగా, ఆ శాస్త్రంలో పట్టా పొందవలసిన విద్యార్థియే దాని పాఠ్యాంశపు అసైన్‌మెంటును ఆ యంత్రం చేతనే వ్రాయిస్తున్నాడు. వంట నేర్చుకొనడానికి వచ్చినవాడు ప్రతిదినం హోటలు నుండి భోజనం తెప్పించి గురువుకు వడ్డించడం వంటిది ఇది.

మొయినాబాదు సమీపంలోనే చిలుకూరు ఉన్నది. హుండీ లేని ఆ కోవెలలో బాలాజీని లోకం వీసా బాలాజీ అని పిలుచుకుంటున్నది. కోరిక చెప్పుకొని 11 ప్రదక్షిణలు, నెరవేరిన తరువాత 108 ప్రదక్షిణలు చేయడం అక్కడి సంప్రదాయం. చేతిలో కార్డు పట్టుకొని, ప్రతి చుట్టుకూ ఒక గడి కొట్టుకుంటూ, ఎండకు కాలిన బండలపై తిరిగే యువతీయువకులను చూడనివారు మన ప్రాంతంలో అరుదు. ఆ యువకులలో ఎవరైనా, “అయ్యా, నా బదులు ఒక యంత్రాన్ని తిప్పుతాను, 108 కచ్చితంగా లెక్కపెడుతుంది, నాకంటె వేగంగా తిరుగుతుంది” అని అర్చకుని అడుగుతాడా? అడిగితే పక్కనున్న పసిపిల్లలు కూడా నవ్వుతారు. ప్రదక్షిణ ఫలం గర్భాలయం చుట్టూ ఏదో ఒక వస్తువు తిరగడంలో లేదని, తిరిగిన వాని పాదాలలో, మనస్సులో ఉన్నదని అందరికీ తెలుసు.

అదే యువకుడు, అదే సాయంత్రం, విదేశీ విశ్వవిద్యాలయానికి పంపవలసిన స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌ను, అనగా తన సంకల్ప పత్రాన్ని, యంత్రం చేత వ్రాయిస్తాడు. తాను ఏమి చదవగోరుతున్నాడు, ఎందుకు చదవగోరుతున్నాడు, ఏ అనుభవం తనను అటు నడిపించింది అనే విషయాలు ఆ పత్రంలో ఉండాలి. సంకల్పం చెప్పేటప్పుడు మనం దేశకాలాలను, గోత్రనామాలను ఉచ్చరిస్తాం. ఏలననగా సంకల్పం కర్తది, అన్యులది కాజాలదు. ప్రదక్షిణ తనదే కావాలని నమ్మేవాడు సంకల్పాన్ని మాత్రం పరుల చేత ఎలా చెప్పిస్తున్నాడు? 2023-24 విద్యాసంవత్సరంలో అమెరికాలో చదివే విదేశీ విద్యార్థులలో భారతీయులు 3,31,602 మందితో ప్రథమ స్థానానికి చేరారు. అందులో తెలుగువారి పాలు ఎంత ఘనమో మన వీధులలో ప్రతి ఇంటికీ తెలుసు. ఇన్ని వేల సంకల్పాలు ఒకే యంత్రపు ఒకే కంఠంతో పలికితే, చదివే అధికారికి పిల్లవాడు కనిపించడు. చేవెళ్ల టమాట మడిలో పెరిగి, బోరుబావి ఎండిపోవడం చూచి నీటి యాజమాన్యం చదవాలని నిజంగా కోరుకున్న పిల్లవాని మాట, ఆ నున్నని వాక్యాల కింద పడి నలిగిపోతుంది.

ఇక తత్త్వవిచారం. “కృత్రిమ మేధ” అనే మాటను మన పత్రికలు స్థిరపరచాయి. మేధ అనగా ఏమి? అమరసింహుడు ధారణ గల బుద్ధిని మేధ అన్నాడు. విన్నదానిని నిలుపుకొని, అవసరమైన చోట దానిని ప్రయోగించగల శక్తి అది. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకుల ప్రశ్నలకు పద్యాలు చెప్పడం ఒక ఎత్తు, చివర ధారణ మరొక ఎత్తు. ధారణ లేని అవధానాన్ని సభ అంగీకరించదు. యంత్రం ఈనాడు ఎనిమిది పద్యాలను ఎనిమిది క్షణాలలో అల్లగలదు. అల్లిన వాటిని చూచి మురిసిపోయేవాడు ఏది పోయిందో గ్రహించలేదు. యంత్రానికి ధారణ ఉన్నదా లేదా అన్నది గౌణమైన చర్చ. ఆ యంత్రాన్ని ఆశ్రయించిన విద్యార్థి ధారణ ఏమవుతున్నది అన్నదే మనకు ముఖ్యం.

న్యాయదర్శనం శబ్దాన్ని ప్రమాణంగా అంగీకరిస్తూ ఒక నియమం పెట్టింది: అది ఆప్తుని ఉపదేశం కావాలి. ఆప్తుడనగా విషయాన్ని సాక్షాత్తుగా ఎరిగినవాడు, ఎరిగినదానిని ఎరిగినట్లే చెప్పాలనే ఇచ్ఛ గలవాడు అని భాష్యకారుడు వివరించాడు. ఈ లక్షణాన్ని యంత్రానికి అన్వయించి చూడండి. ఈ భాషాయంత్రాలు అపారమైన గ్రంథరాశిని మథించి, ఏ పదం తరువాత ఏ పదం రావడానికి ఎంత సంభావ్యత ఉన్నదో గణించి, ఒక్కొక్క ముక్కగా వాక్యాన్ని పేర్చుతాయి. దానికి విషయంతో సన్నికర్షం లేదు. సత్యం చెప్పాలనే ఇచ్ఛ లేదు, అసత్యం చెబుతున్నాననే సంకోచం అంతకంటె లేదు. అబద్ధాలకోరుకు కూడా సత్యం ఏమిటో తెలుసు, దానిని దాచుతాడు. యంత్రానికి ఆ పాటి సంబంధం కూడా సత్యంతో లేదు. దాని వాక్యం యథార్థమైనప్పుడు అది కాకతాళీయం కాకపోవచ్చు, కాని ఆప్తవాక్యం మాత్రం కాదు.

ఇది కేవలం తర్కం కాదు. 2023 జూన్‌లో న్యూయార్కు నగరపు ఫెడరల్ న్యాయస్థానం ఇద్దరు న్యాయవాదులకు, వారి కార్యాలయానికి కలిపి 5,000 డాలర్ల జరిమానా విధించింది. విమానసంస్థపై వేసిన దావాలో వారు ఉదహరించిన పూర్వ తీర్పులు అసలు లేనే లేవు. చాట్‌జీపీటీ వాటిని పేర్లతో, సంఖ్యలతో సహా కల్పించింది. మన సత్సంగాలలోనూ ఈ వ్యాధి ప్రవేశించింది. గరుడపురాణంలోనిదని, యోగవాసిష్ఠంలోనిదని చెబుతూ వాట్సాప్‌లో తిరిగే శ్లోకాలను మూలంతో సరిచూచే అభ్యాసం అసలే క్షీణించిన కాలంలో, ఛందస్సు కూడా కుదరని అనుష్టుప్పులను యంత్రం వండి వడ్డిస్తున్నది. సాధకులు ఈ విషయంలో కళాశాల విద్యార్థులకంటె జాగరూకులేమీ కారని చెప్పక తప్పదు.

ఇప్పుడు పూర్వపక్షాన్ని దాని బలమైన రూపంలోనే తీసుకుందాం. వేదాంతి ఒకడు లేచి ఇలా అనవచ్చు: “అయ్యా, మన సిద్ధాంతంలో అంతఃకరణం కూడా జడమే కదా. మనస్సు, బుద్ధి భూతకార్యాలు, చైతన్య ప్రతిబింబం వలన చేతనం వలె భాసిస్తున్నాయి. జడమైన బుద్ధి చేత ఆలోచింపజేయడానికీ జడమైన యంత్రం చేత ఆలోచింపజేయడానికీ భేదమేమి? రెండూ కరణాలే. రథానికి గుర్రాలను కట్టినవాడు మరొక గుర్రాన్ని కట్టుకుంటే దోషమా?”

ఈ శంక తేలికగా తోసివేయదగినది కాదు. బుద్ధి జడమే. అయితే ఈ జీవుని సంస్కారాలకు ఆశ్రయం ఏది? ఈ బుద్ధియే. శ్రవణం చేసినప్పుడు, మననం చేసినప్పుడు, లెక్క తప్పి మళ్లీ చేసినప్పుడు ముద్ర పడేది దీనిపైనే. విద్య అనేది పరీక్షాపత్రంపై ఏర్పడే సిరా గుర్తు కాదు, విద్యార్థి అంతఃకరణంలో ఏర్పడే పరిణామం. అసైన్‌మెంటును అధ్యాపకుడు కోరింది ఆ పది పుటలు తనకు అవసరమై కాదు. గడచిన ఇరవై ఏండ్లుగా వ్రాసిన అవే సమాధానాలు ఆయన అలమారలో ధూళి పట్టి ఉన్నాయి. ఆ పుటలు వ్రాసే క్రమంలో పిల్లవాని బుద్ధి ఏ వైపు వంగుతుందో దానికోసమే కోరాడు. యంత్రం వ్రాసినప్పుడు పుటలు వస్తాయి, పరిణామం రాదు. కఠోపనిషత్తు రథకల్పనలో బుద్ధిని సారథి అన్నది, గుర్రం అనలేదు. అదనపు గుర్రాన్ని కట్టుకొనడం వేరు, సారథిని దించి ఆ స్థానంలో అద్దె మనిషిని కూర్చోబెట్టడం వేరు. అద్దె సారథి గమ్యం చేర్చినా, మరునాడు రథం తోలవలసింది తాను. తోలడం వచ్చా?

రెండవ పూర్వపక్షం చరిత్రజ్ఞులది: “లిపి వచ్చినప్పుడు కూడా ఇలాగే భయపడ్డారు. పాణినీయ శిక్ష వ్రాతప్రతి చూచి చదివేవానిని అధమ పాఠకులలో చేర్చింది. గ్రీసు దేశపు ప్లేటో లిపి స్మృతిని నశింపజేస్తుందని సోక్రటీసు నోట పలికించాడు. చివరకు ఏమైంది? లోకం మునిగిందా?” మునగలేదు. కాని లిపి వలన స్మృతి క్షీణించలేదని చెప్పగల సాహసం ఎవరికున్నది? ఘనాంతం చెప్పగల పండితులు ఎందరు మిగిలారో లెక్కపెట్టుకోండి. లిపి ఒక మేలు చేసి ఒక కీడు చేసింది, మేలు అధికం కనుక స్వీకరించాం. అయినా తాళపత్రం తనను చూచినవాని తరఫున ఆలోచించలేదు. కాలిక్యులేటరు కూడా గుణకారం చేసిందే తప్ప ఏ సంఖ్యలను గుణించాలో చెప్పలేదు. ఈ యంత్రం ప్రశ్నను తానే అర్థం చేసుకొన్నట్లు నటించి, సమాధానాన్ని తానే కూర్చి, చివర “ఇంకేమైనా కావాలా” అని కూడా తానే అడుగుతున్నది. మననానికి చోటు ఎక్కడ?

చేవెళ్ల దారిలోని మర్రిచెట్లను తలచుకుంటే ఈ మాట స్పష్టమవుతుంది. తొమ్మిది వందల చేరువలో ఉన్న ఆ వటవృక్షాల ప్రస్తావన రహదారి విస్తరణ సందర్భంగా జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు తన కుమారుడైన శ్వేతకేతువును అటువంటి చెట్టు వద్దకే పంపాడు. శ్వేతకేతువు పన్నెండవ ఏట గురుకులానికి వెళ్లి, ఇరువదినాలుగవ ఏట వేదాలన్నీ చదివి, గర్వంతో బిగుసుకొని తిరిగి వచ్చినవాడు. నేటి భాషలో పట్టా చేతికి వచ్చినవాడు. తండ్రి అతనికి సూత్రం వల్లించలేదు. మర్రిపండు తెమ్మన్నాడు. చీల్చమన్నాడు. ఏమి కనిపిస్తున్నదని అడిగాడు. సన్నని గింజలన్నాడు. ఒక గింజను చీల్చమన్నాడు. ఇప్పుడేమి కనిపిస్తున్నది? ఏమీ లేదన్నాడు. కనిపించని ఆ సూక్ష్మం నుండియే ఇంత మహావృక్షం నిలిచి ఉన్నదని అప్పుడు చెప్పాడు. మరునాడు ఉప్పు నీటిలో వేయించి, పైనుండి, నడుమ నుండి, అడుగు నుండి రుచి చూపించాడు. అంతకుముందు పదిహేను దినాలు అన్నం మాన్పించి, చదివిన వేదం గుర్తుకు రాకపోవడాన్ని అనుభవంలోకి తెచ్చాడు. మహావాక్యం ఒక్కసారి చెబితే సరిపోయేదే. తొమ్మిది మార్లు చెప్పాడు. ప్రతిసారీ కుమారుడు మళ్లీ అడిగాడు కనుక చెప్పాడు.

శ్వేతకేతువు చేతిలో ఫోను ఉండి ఉంటే సమాధానం క్షణంలో వచ్చేది, బహుశః తప్పు లేకుండానే వచ్చేది. ఏ పండూ చీల్చబడేది కాదు. నాలుకపై ఉప్పు పడేది కాదు. “ఏమీ కనిపించడం లేదు” అని తండ్రి ఎదుట ఒప్పుకోవలసిన ఆ ఘడియ వచ్చేది కాదు. ఆ ఘడియలోనే గర్వం కరిగింది.

ఆధునిక పరిశోధన కూడా ఈ విషయాన్ని తన పద్ధతిలో తడిమి చూచింది. తుర్కియే దేశంలో ఉన్నత పాఠశాల విద్యార్థులు సుమారు వేయి మందిపై గణితంలో ఒక ప్రయోగం జరిగింది, 2025లో ప్రచురితమైంది. యంత్రసహాయంతో అభ్యాసం చేసినంతసేపు విద్యార్థుల మార్కులు పెరిగాయి. యంత్రాన్ని తొలగించి పరీక్ష పెట్టగా, నేరుగా సమాధానాలిచ్చే యంత్రాన్ని వాడినవారు, అసలు వాడనివారికంటె 17 శాతం తక్కువ సాధించారు. సమాధానం ఇవ్వకుండా సూచనలు మాత్రమే ఇచ్చేలా నిర్మించిన మరొక రూపంలో ఈ హాని చాలావరకు తగ్గింది. ఈ చివరి అంశాన్ని దాచడం న్యాయం కాదు. తెలుగు మాధ్యమం నుండి వచ్చి, ఆంగ్ల పాఠ్యగ్రంథంలో ఒక వాక్యం అర్థం కాక రాత్రంతా కుమిలిపోయే పిల్లకు ఆ వాక్యాన్ని తెలుగులో విప్పి చెప్పే యంత్రం ఉపకారియే. చూపు లేని విద్యార్థికి పుస్తకం చదివి వినిపించే యంత్రం మరింత ఉపకారి. నా ఆక్షేపం దానిపై కాదు. ఊతకర్ర పట్టుకొని నడిచేవాడు నడుస్తున్నాడు. పల్లకీలో వెళ్లేవాడు నడవడం లేదు.

వైద్యవిద్య విషయంలో ఈ భేదం ప్రాణాంతకం. మొయినాబాదు, చేవెళ్ల ప్రాంతాలలో వైద్యకళాశాలలు, వాటికి అనుబంధ ఆసుపత్రులు ఉన్నాయి. శంకర్‌పల్లి, షాబాదు వైపు నుండి రైతులు, కూలీలు ఇటువంటి చోట్లకే వస్తారు. వారి కడుపుపై చేయి పెట్టి చూడవలసిన వైద్యుడు నేడు అక్కడ తరగతిలో కూర్చున్న విద్యార్థియే. 2025 ఆగస్టులో లాన్సెట్ వర్గానికి చెందిన ఒక పత్రికలో పోలండు దేశపు పరిశీలన వెలువడింది. పెద్దప్రేగు పరీక్షలో కృత్రిమ మేధ సహాయానికి అలవాటుపడిన తరువాత, ఆ సహాయం లేకుండా చేసిన పరీక్షలలో కణుతులను గుర్తించిన రేటు 28.4 శాతం నుండి 22.4 శాతానికి పడిపోయింది. వారు విద్యార్థులు కారు, వేలకొలది పరీక్షలు చేసి చేయి తిరిగిన వైద్యులు. సంపాదించుకొన్న నైపుణ్యమే కొద్ది మాసాలలో ఇలా జారిపోతే, అసలు సంపాదించుకోకముందే యంత్రానికి అప్పగించిన విద్యార్థి వద్ద జారిపోవడానికైనా ఏమి ఉంటుంది?

యవక్రీతునికి వరం వచ్చినప్పుడు తండ్రి భరద్వాజుడు ఒక కథ చెప్పి హెచ్చరించాడు. బాలధి అనే ఋషి అమరుడైన పుత్రుని కోరితే, దేవతలు అమరత్వం కుదరదని, ఏదైనా నిమిత్తంపై ఆధారపడిన ఆయుస్సు ఇస్తామని అన్నారు. పర్వతాలు అక్షయాలు కదా, అవి ఉన్నంతకాలం నా కుమారుడు జీవించాలని ఆయన కోరాడు. ఆ కుమారుని పేరు మేధావి! అతడు గర్వించి ఋషులను అవమానించాడు. ధనుషాక్షుడనే ముని శాపం పని చేయకపోగా, ఆయన దున్నపోతుల చేత పర్వతాలనే పగులగొట్టించాడు. ఆ క్షణంలోనే మేధావి కూలిపోయాడు. మేధను వెలుపలి నిమిత్తానికి కట్టివేసినవాని స్థితి ఇది. నేటి మేధావి ఆయుస్సు ఏ ఖండంలోనో ఉన్న డేటా కేంద్రాలకు, ఏడాది ఉచిత పథకానికి, నెట్‌వర్కుకు కట్టబడి ఉన్నది.

ఇక కళాశాలలు చేస్తున్నదేమిటి? కొన్ని చోట్ల యంత్రాన్ని గూర్చిన ప్రశంసాసభలు, మరికొన్ని చోట్ల యంత్రలిఖితాన్ని పట్టుకొనే మరొక యంత్రం. రెండవది మొదటిదానికంటె క్రూరం. ఆంగ్లం మాతృభాష కానివారు వ్రాసిన టోఫెల్ వ్యాసాలను ఏడు శోధక యంత్రాలకు ఇచ్చి 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు పరీక్షించగా, సగటున 61 శాతం వ్యాసాలను అవి యంత్రలిఖితాలుగా తప్పు ముద్ర వేశాయి. ఓపెన్‌ఏఐ తన సొంత శోధకాన్నే కచ్చితత్వం తక్కువని 2023 జూలైలో ఉపసంహరించింది. అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం మరుసటి నెలలోనే టర్నిటిన్ శోధకాన్ని నిలిపివేసింది. దీని అర్థం మన పిల్లలకు ఏమిటి? చిన్న చిన్న పదాలతో, నేర్చుకొన్న వాక్యనిర్మాణాలతో, రాత్రి మేలుకొని తానే వ్రాసుకొన్న చేవెళ్ల పిల్లవాడు దోషిగా నిలబడతాడు. యంత్రం వ్రాసినదాన్ని మరొక యంత్రం చేత “మానవీకరించి” ఇచ్చినవాడు నిర్దోషిగా బయటపడతాడు. 2018 నాటి యూజీసీ గ్రంథచౌర్య నిబంధనలు పది శాతం వరకు సాదృశ్యానికి దండన లేదన్నాయి. యంత్రం పుట్టించిన వాక్యానికి పూర్వరూపం ఎక్కడా ఉండదు కనుక ఆ వల దానిని సాధారణంగా పట్టదు.

అయితే దోషాన్నంతా పిల్లలపైనో యంత్రంపైనో వేయడం కపటం. ఈ యంత్రం పవిత్రమైన నేలపై వచ్చి పడలేదు. అమీర్‌పేట దుకాణాలలో చివరి సంవత్సరపు ప్రాజెక్టులు, నివేదికతో సహా, ఏళ్ల తరబడి అమ్ముడవుతూనే ఉన్నాయి. కొన్నవాడు ఎవరో అధ్యాపకులకు తెలుసు, అమ్మినవాడు ఎవరో యాజమాన్యాలకు తెలుసు. ఆల్-ఇన్-వన్ పుస్తకాలు, ముఖ్య ప్రశ్నల జిరాక్సులు, సీనియరు రికార్డును చూచి వ్రాసే జూనియరు, ఇదంతా యంత్రానికి ముందునుండే ఉన్నది. (రికార్డు చూచి వ్రాసిన చేతికైనా కొంత తెలిసేది, ఆ పాటి భాగ్యం కూడా ఇప్పుడు పోయింది.) పత్రం సకాలంలో అందితే చాలు, దాని వెనుక మనిషి ఉన్నాడా లేడా అని అడగని వ్యవస్థను మనమే నిర్మించాం. పత్రాలనే కోరే వ్యవస్థకు పత్రాలను చౌకగా ఉత్పత్తి చేసే యంత్రం దొరికింది. అంతే.

మన సంప్రదాయంలో దీనికి ప్రతిక్రియ లేకపోలేదు. శలాకా పరీక్ష అని ఒకటున్నది. తాళపత్ర గ్రంథంలో సూదిని గుచ్చి, అది ఆగిన పత్రంలోని విషయాన్ని విద్యార్థి అక్కడికక్కడే వివరించాలి. వాక్యార్థ సభలో ఒకరు పూర్వపక్షం చేస్తే మరొకరు నిలబడి సమాధానం చెప్పాలి. అక్కడ ఏ యంత్రమూ తోడు రాదు. దీనిని ఇంజనీరింగ్ కళాశాలలో అనుసరించడం అసాధ్యమని యాజమాన్యాలు అంటాయి. లెక్క చూద్దాం. ఏఐసీటీఈ నియమం ప్రకారం ఇంజనీరింగ్‌లో ఇరవై మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలి. ఒక్కొక్క విద్యార్థితో, అతడు సమర్పించిన పత్రాన్ని ముందుంచుకొని, పావుగంట ముఖాముఖి మాట్లాడితే ఇరవై మందికి అయ్యేది ఐదు గంటలు. అరవై మంది ఉన్న తరగతి అంతటికీ పదిహేను గంటలు. ఒక సెమిస్టరులో పదిహేను గంటలు లేని కళాశాల దేనికోసం ఉన్నట్లు? గంటలు లేక కాదు, కాగితంపై ఉన్న అధ్యాపకులు తరగతిలో ఉన్నారా అనే ప్రశ్న బయటపడుతుందనే ఆ భయం.

ఆ పావుగంట ఆంగ్లంలోనే జరగనక్కరలేదు. తెలుగులో అడగండి, ఉర్దూలో అడగండి, రెండూ కలిపి మన బీజాపూరు రోడ్డు భాషలో అడగండి. రెండవ పుటలో ఈ సూత్రం ఎందుకు వాడావు? ఈ విలువ రెట్టింపయితే ఫలితం ఏమవుతుంది? ఇక్కడ పొరపాటు జరిగి ఉంటే నీకు ఎలా తెలుస్తుంది? నోరు తిరగని పిల్ల కూడా తాను చేసినదాన్ని చెప్పగలదు. తడబడుతుంది, చేతులతో గీసి చూపుతుంది, కాని చెబుతుంది. కొన్నవాడు, వ్రాయించుకొన్నవాడు మూడవ ప్రశ్న దగ్గర ఆగిపోతాడు. అతనిని దండించనక్కరలేదు. పత్రం తిరిగి ఇచ్చి, పది దినాల తరువాత మళ్లీ రమ్మనాలి. ఉద్దాలకుడు తొమ్మిదిసార్లు చెప్పగా లేనిది, కళాశాల రెండుసార్లు వినలేదా?

ఈ పని కళాశాల చేయకపోతే ఇంట్లో చేయవచ్చు. అక్షరం రాని తల్లి కూడా చేయగలదు. కుమారుడు విదేశానికి పంపబోయే సంకల్ప పత్రాన్ని ముందు పెట్టి, “నాయనా, ఇందులో ఏముందో నాకు అర్థమయ్యేలా చెప్పు, ఆ చదువు నీకెందుకు కావాలో చెప్పు” అని అడగాలి. చిలుకూరులో 11 ప్రదక్షిణలకు బయలుదేరే ముందు అడిగితే ఇంకా మంచిది. జవాబు రాకపోతే దరఖాస్తు గడువుకు ఇంకా ఎన్ని దినాలున్నాయో చూచుకొని, ఫోను పక్కన పెట్టి, ఆ పిల్లవానిని ఒక తెల్లకాగితంతో కూర్చోబెట్టాలి.